విశాఖలో జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ఎలా పోరాడాలి: బకాయి, పరిహారం, జరిమానా, జైలు

యజమానికి శిక్ష పడటం వేరు, మీ జీతం మీ చేతికి రావడం వేరు. చట్టంలో ఈ రెండింటికీ దారులు వేర్వేరుగా ఉన్నాయి. జీతం తక్కువ ఇచ్చినందుకు వేసే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, అందులో మీకు రూపాయి కూడా రాదు. మీ బకాయి రావాలంటే దానికోసం విడిగా క్లెయిమ్ వేసుకోవాలి. లేబర్ ఆఫీసుకు వెళ్లి "ఈయన మీద యాక్షన్ తీసుకోండి" అని ఒక కాగితం ఇచ్చేసి, డబ్బు దానంతటదే వస్తుందని నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఇక్కడ ముందు డబ్బు సంగతి, ఆ తర్వాతే శిక్ష సంగతి చెబుతాను.

2025 నవంబరు 21 నుంచి దేశమంతటా వేతనాల కోడ్, 2019 అమల్లోకి వచ్చింది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 కనీస వేతనాల చట్టం, 1965 బోనస్ చట్టం, 1976 సమాన వేతన చట్టం, ఈ నాలుగూ అందులో కలిసిపోయాయి. పాత చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయలు దాటిన జీతగాళ్లకు వర్తించేది కాదు. ఇప్పుడు ఆ గీత లేదు. గాజువాక ఆటోనగర్ వెల్డరుకైనా, రుషికొండ ఐటీ కొండ మీద కూర్చునే టీమ్ లీడరుకైనా జీతం ఆపితే పట్టుకునే సెక్షన్లు ఇవే. సూపర్‌వైజర్లు, మేనేజర్లు కూడా ఇందులోకి వస్తారు. అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లు మాత్రం రారు. యాప్ మీద డెలివరీలు, బైక్ ట్యాక్సీలు నడిపేవాళ్లను కంపెనీలు ఉద్యోగులుగా లెక్కలోకే తీసుకోవు కాబట్టి వాళ్లకు ఈ దారి నేరుగా పనికిరాదు.

మొదటి పని: ఎంత రావాలో పైసలతో సహా లెక్క కట్టండి

"రెండు నెలల జీతం, ఓటీ ఇంకా చాలా ఉంది సార్" అని చెబితే ఏ అధికారీ ఆర్డరు రాయలేడు. నెలవారీగా, పద్దువారీగా రాసుకుని వెళ్లాలి. లెక్కకు ముందు ఈ నాలుగు రూల్స్ తెలిసి ఉండాలి.

నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. రోజుకూలీకి ఆ షిఫ్టు ముగిసేసరికి, వారం లెక్కన ఇచ్చేవాళ్లకు వారాంతపు సెలవుకు ముందే ఇచ్చేయాలి. పని మానేసినా, తీసేసినా, సంస్థ మూతపడినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. "ఫుల్ అండ్ ఫైనల్‌కి 45 రోజులు పడుతుంది, అది కంపెనీ పాలసీ" అని హెచ్ఆర్ వాళ్లు చల్లగా చెబుతుంటారు. ఈ రెండు రోజుల గడువు పెట్టింది కోడ్‌లోని 17వ సెక్షన్, కంపెనీ పాలసీతో దాన్ని మార్చడం కుదరదు.

అన్ని కోతలూ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. తప్పు చేశారని వేసే ఫైను ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు, అదీ మీ సంజాయిషీ విన్నాకే వేయాలి. క్యాష్ కౌంటర్లో షార్టేజీ వచ్చిందని, సరుకు పాడైందని కోసేటప్పుడు కూడా జరిగిన నష్టం కంటే ఎక్కువ కోయడానికి లేదు, ముందు మీ మాట వినాల్సిందే.

ఓటీకి, అంటే అదనపు గంటల పనికి, మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి.

నాలుగోది కాంట్రాక్టు పనుల్లో మనవాళ్లకు బాగా తెలిసిన భాగోతం. బ్యాంకులో కనీస వేతనం ప్రకారం పూర్తి జీతం పడుతుంది. సాయంత్రం మేస్త్రీ వచ్చి "మూడు వేలు తీసి ఇచ్చేయ్" అంటాడు. కాగితాల మీద అంతా సక్రమంగానే కనిపిస్తుంది కాబట్టి ఏమీ చేయలేమనుకుంటారు. కానీ ఉద్యోగి యజమానికి గానీ, ఆయన మనిషికి గానీ తిరిగి ఇచ్చిన ఏ డబ్బునైనా జీతంలో కోతగానే చూడాలని 18వ సెక్షన్ చెబుతోంది. జీతం పడిన రోజే ఏటీఎంలో తీసిన మొత్తం, లేదా మేస్త్రీ నంబరుకు ఫోన్‌పే చేసిన ఎంట్రీ ప్రతి నెలా కనిపిస్తే అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ద్వారకానగర్‌లో ఒక బట్టల షోరూమ్‌లో నెలకు 15,600 రూపాయలకు చేసే అమ్మాయి సెప్టెంబరు 18న మానేసింది అనుకోండి. 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు 600, ఎనిమిది గంటల లెక్కన గంటకు 75. ఆగస్టు జీతం మొత్తం ఆగింది: 15,600. సెప్టెంబరులో రెండు వారపు సెలవులు పోను 16 రోజులు: 9,600. పండగ సీజన్లో 40 గంటలు అదనంగా నిలబెట్టారు, గంటకు 150 చొప్పున 6,000. జూలైలో "మూడు లేట్లకు ఒక రోజు కట్" అని ఆరు లేట్లకు రెండు రోజుల జీతం 1,200 కోశారు. నిజానికి ఆ అమ్మాయి ఒక్కోసారి 20 నిమిషాలే ఆలస్యంగా వచ్చింది, మొత్తం రెండు గంటలు. పనికి రాని సమయం ఎంతో అంతకే కోయాలి, అంటే 150. మిగతా 1,050 తిరిగి ఇవ్వాలి. మొత్తం 32,250 రూపాయలు. ఇలా ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీసి రాసిస్తే అవతలి వకీలు అంకెల గురించే మాట్లాడాల్సి వస్తుంది.

మీ జీతం అసలు కనీస వేతనానికే తక్కువైతే, ఆ తేడాను కూడా నెలనెలా వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో రకం పనికి ఒక్కో రేటు ఉంటుంది, కరువు భత్యం ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మారుతుంది. కాబట్టి ఏ నెల బకాయికి ఆ నెల రేటే చూడాలి. తక్కువకు ఒప్పుకుని చేరారని యజమాని అంటే పట్టించుకోకండి. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రావలసిన డబ్బు వదులుకుంటున్నానని మీరు సంతకం పెట్టిన ఒప్పందం కూడా 60వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

రెండో పని: అక్కడ పనిచేశారని చూపించే కాగితాలు

జీతం ఇచ్చానని రుజువు చేసుకోవాల్సిన బరువు యజమానిదే. ఇది 59వ సెక్షన్. ఇవ్వలేదని మీరు నిరూపించనక్కర్లేదు. ఆయన "అసలు ఈ మనిషి మా దగ్గర పనే చేయలేదు" అంటే మాత్రం మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. అపాయింట్‌మెంట్ లెటరు లేదని కుంగిపోకండి. ఐడీ కార్డు, పోర్టు లేదా స్టీల్ ప్లాంటు గేట్ పాసు, ఈఎస్ఐ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు, డ్యూటీలు వేసే వాట్సాప్ గ్రూపు, హాజరు పుస్తకం ఫొటో, యూనిఫాంలో తీసిన ఫొటో, ఏదైనా పనికొస్తుంది. చాట్‌లు స్క్రీన్‌షాట్ తీసుకున్నాక అసలు చాట్ ఫోన్‌లోంచి చెరిపేయకండి. ఉద్యోగం మానేసిన రోజే గ్రూపులోంచి తీసేస్తారు కాబట్టి, మానేస్తానని చెప్పకముందే ఈ పని పూర్తి చేసుకోండి.

పేస్లిప్ ఇవ్వడం యజమాని బాధ్యత. ఇవ్వకపోవడమే ఒక ఉల్లంఘన. ఖాళీ వోచర్ల మీద సంతకాలు తీసుకుంటున్నారంటే, తర్వాత వాటిలో ఏ అంకె అయినా రాసుకుంటారని అర్థం. పెట్టక తప్పని పరిస్థితి వస్తే అందిన మొత్తం, తేదీ మీ చేతితో అక్షరాల్లో రాసి సంతకం పెట్టండి.

మూడో పని: యజమానికి ఒక ఉత్తరం

చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు. అయినా రాయమనే చెబుతాను. బకాయి ఎంతో తెలిసి కూడా ఇవ్వలేదని తర్వాత చూపించాలంటే ఈ ఉత్తరమే ఆధారం. తిట్లు, బెదిరింపులు వద్దు. ఇంత ఉంటే చాలు:

"అయ్యా, మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సేల్స్ విభాగంలో పనిచేశాను. ఆగస్టు జీతం 15,600, సెప్టెంబరు 16 రోజుల జీతం 9,600, ఓటీ 6,000, జూలైలో అక్రమంగా కోసిన 1,050, మొత్తం 32,250 రూపాయలు నాకు రావాలి. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో నా బ్యాంకు ఖాతాలో జమ చేయగలరు. లేనిపక్షంలో వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద బకాయితో పాటు పరిహారం కోరుతూ క్లెయిమ్ దాఖలు చేస్తాను."

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అదే ఫొటో తీసి యజమాని వాట్సాప్‌కీ, కంపెనీ ఈమెయిల్‌కీ పంపండి. చిన్న సంస్థల్లో సగం గొడవలు ఇక్కడే తెగిపోతాయని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఉత్తరాన్ని యజమాని ముందుగా చూపించేది తన ఆడిటరుకో, వకీలుకో.

నాలుగో పని: సరైన ఆఫీసు

విశాఖలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఈ ఊళ్లో రాష్ట్రం చూసే సంస్థలూ, కేంద్రం చూసే సంస్థలూ పక్కపక్కనే ఉన్నాయి.

దుకాణాలు, హోటళ్లు, ప్రైవేటు ఆసుపత్రులు, స్కూళ్లు, కోచింగ్ సెంటర్లు, ఐటీ కంపెనీలు, అపార్ట్‌మెంటు నిర్మాణాలు, ప్రైవేటు ఫ్యాక్టరీలు రాష్ట్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. ముందు మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరకు వెళ్లాలి. పోర్టు, రైల్వే, బ్యాంకులు, ఇన్సూరెన్సు, టెలికాం, విమానయానం, స్టీల్ ప్లాంటు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, హిందుస్థాన్ షిప్‌యార్డు లాంటివి కేంద్రం కిందివి. వీటికి రీజనల్ లేబర్ కమిషనర్ సెంట్రల్ ఆఫీసు. ఆ సంస్థల లోపల పనిచేసే కాంట్రాక్టరు మనుషులకూ ఇదే వర్తిస్తుంది. మీ కాంట్రాక్టరుది గాజువాకలో చిన్న గది ఆఫీసే కావచ్చు, మీరు చేసేది స్టీల్ ప్లాంటు లోపలి పని అయితే సెంట్రల్ ఆఫీసుకే వెళ్లాలి.

ఇంకో తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. కంపెనీ బస్సు మిమ్మల్ని రోజూ ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఎక్కించుకున్నా సరే, ఫిర్యాదు పనిచేసే చోటును బట్టే ఉంటుంది.

ఎక్కడ ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వార్డు స్టాంపు, తేదీ వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి. రాష్ట్ర ఆఫీసులో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికలో ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేయండి. దానివల్ల క్లెయిమ్ తీర్పు రాదు గానీ, పక్కన పడేసిన ఫైలు కదులుతుంది. కేంద్రం కింది సంస్థలకు సమాధాన్ పోర్టల్ ఉంది.

ఐదో పని: 45వ సెక్షన్ క్లెయిమ్

అసలు బలం ఇక్కడే ఉంది. గెజిటెడ్ హోదా ఉన్న అధికారి ఈ క్లెయిములు విచారిస్తారు. మీరే వేయొచ్చు, మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ వేయొచ్చు, ఈ కోడ్ కింద తనిఖీలు చేసే ప్రభుత్వ అధికారి, అంటే ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ కూడా వేయొచ్చు. ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తూ పేరు బయటపడుతుందని జంకేవాళ్లకు యూనియన్ దారి మంచిది. ఒకే సంస్థలో ఎంతమంది బాధితులున్నా ఒకే దరఖాస్తు చాలు. పది మంది కలిసి వేస్తే యజమాని ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి బుజ్జగించడం కష్టం.

బకాయి పడిన నాటి నుంచి మూడేళ్ల దాకా గడువు ఉంది. పాత చట్టాల్లో ఇది ఏడాది, కనీస వేతనాలకైతే ఆరు నెలలే. గడువు దాటినా సరైన కారణం చూపిస్తే తీసుకునే అధికారం ఉంది. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటోంది.

దరఖాస్తులో బకాయి ఒక్కటే రాసి ఊరుకోకండి. తేలిన బకాయికి పది రెట్ల వరకు అదనంగా పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. పైన చెప్పిన అమ్మాయి విషయంలో 32,250 కాకుండా ఇంకో 3,22,500 దాకా అన్నమాట. అంతా ఇస్తారని కాదు, ఎంత ఇవ్వాలన్నది ఆయన విచక్షణ. అడగకపోతే ఆ మాటే రాదు. ఎందుకు ఇవ్వాలో కారణాలు రాయండి: అద్దె కట్టలేక చేసిన అప్పు, దాని వడ్డీ, పిల్లల ఫీజు ఆగడం, ఉత్తరం అందినా జవాబు లేకపోవడం. రసీదులుంటే జతచేయండి.

విచారణకు ముందు గానీ మధ్యలో గానీ రాజీకి పిలుస్తారు. డబ్బు త్వరగా వచ్చేటట్టయితే రాజీ తప్పేం కాదు. అయితే వాయిదాల్లో ఇస్తానంటే తేదీలతో సహా అధికారి ముందు రాతలో పెట్టించండి. "మొత్తం ముట్టింది" అనే కాగితం మీద ఆఖరి వాయిదా ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి.

కాంట్రాక్టరు చేతులెత్తేసి మాయమైపోతే కంగారుపడక్కర్లేదు. కాంట్రాక్టరు ఇవ్వని జీతాన్ని అసలు సంస్థ చెల్లించి, తర్వాత ఆయన బిల్లుల్లోంచి పట్టుకోవాలని చట్టం ఉంది. అందుకే క్లెయిమ్‌లో కాంట్రాక్టరుతో పాటు ప్రధాన యజమాని, అంటే ఆ అసలు సంస్థ పేరు కూడా ప్రతివాదిగా రాయడం మరచిపోవద్దు.

వకీలు ఖర్చుకు భయపడేవాళ్లు జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. హెల్ప్‌లైన్ 15100.

ఆరో పని: శిక్ష కోసం ఫిర్యాదు

ఇప్పుడు శిక్షల సంగతి. 54వ సెక్షన్ ఇలా ఉంది.

- రావలసిన దానికంటే తక్కువ చెల్లిస్తే 50,000 రూపాయల వరకు జరిమానా.
- ఆ నేరంలో ఒకసారి శిక్ష పడి, ఐదేళ్లలోపు మళ్లీ అదే చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.
- కోడ్‌లోని మిగతా నిబంధనలు మీరితే 20,000 వరకు. శిక్ష పడ్డాక ఐదేళ్లలో మళ్లీ మీరితే నెల వరకు జైలు, లేదా 40,000 వరకు జరిమానా, లేదా రెండూ.
- రిజిస్టర్లు, రికార్డులు సరిగా పెట్టకపోతే 10,000 వరకు.

చివరి రెండు రకాల తప్పులకు మొదట యజమానికి సరిదిద్దుకునే అవకాశం ఇస్తారు, ఆ తర్వాతే ప్రాసిక్యూషన్. జీతం తక్కువ ఇచ్చిన నేరానికి ఆ వెసులుబాటు లేదు. మొదటిసారి కేసులను యజమాని రాజీ చేసుకునే వీలూ ఉంది: గరిష్ఠ జరిమానాలో సగం, అంటే 50,000కు 25,000 కట్టి బయటపడొచ్చు. ఐదేళ్లలో అదే తప్పు మళ్లీ చేస్తే ఆ సౌకర్యం ఉండదు. ఆయన ఇలా రాజీ రుసుము కట్టినంతమాత్రాన మీ క్లెయిమ్ రద్దయిపోదు.

మీరే గమనించండి, మొదటి తప్పుకు జైలు లేదు. "నిన్ను జైలుకు పంపిస్తా" అని యజమాని మీద కేకలేస్తే ఆయన వకీలు నవ్వుకుంటాడు. నలభై మందిని పెట్టుకుని తలా రెండు వేలు మిగుల్చుకునేవాడికి 50,000 జరిమానా పెద్ద లెక్క కాదు, ఈ అంకెలు చాలా తక్కువని నాకూ అనిపిస్తుంది. వాళ్లు లెక్కచేసేది పది రెట్ల పరిహారాన్ని. అలాగని ఫిర్యాదు మానకండి. మొదటి శిక్ష రికార్డుకెక్కితేనే రెండోసారికి జైలు మాట వస్తుంది, మీ తర్వాత చేరేవాళ్లకు అది అక్కరకొస్తుంది. ఈ ఫిర్యాదు ఉద్యోగి గానీ, రిజిస్టర్డ్ యూనియన్ గానీ నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులోనూ వేయొచ్చు. కంపెనీ అయితే ఆ సమయంలో వ్యవహారాలు చూస్తున్న బాధ్యుడి పేరు రాయండి. తెలిసీ జరగనిచ్చిన డైరెక్టర్లు కూడా బాధ్యులే.

పీఎఫ్ మాత్రం వేరే కథ. మీ జీతంలో పీఎఫ్ అని కోసి ఖాతాలో కట్టకపోతే మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. అది మీ సొమ్ము దాచుకుని వాడుకున్నట్టే కాబట్టి నమ్మకద్రోహం కింద భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. కాబట్టి పేస్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తుంటే, యూఏఎన్‌తో (మీ పీఎఫ్ నంబరుతో) లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి, లేదా ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవండి. ఏ నెల డబ్బయినా మరుసటి నెల 15లోగా కట్టాలి. నెలలు ఖాళీగా కనిపిస్తే పేస్లిప్పు, పాస్‌బుక్ పేజీ పక్కపక్కన పెట్టి పీఎఫ్ ఆఫీసు గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. జీతం కేసులో లొంగని యజమానులు ఇక్కడ లొంగుతారు.

ఆర్డరు వచ్చాక

ఎవరికి నచ్చకపోయినా 90 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. యజమాని అప్పీలుకూ వెళ్లక, డబ్బూ కట్టకపోతే ఆ అధికారి కలెక్టరుకు రికవరీ సర్టిఫికెట్ పంపుతారు. భూమి శిస్తు బకాయిలు వసూలు చేసినట్టే రెవెన్యూ వాళ్లు వసూలు చేసి ఆ డబ్బు మీకు చెల్లించేలా పంపాలి. ఇక్కడ ఫైళ్లు ఆగేది ఎక్కువగా ఒక్క కారణానికే: ఏం జప్తు చేయాలో తహసీల్దారు ఆఫీసుకు తెలియకపోవడం. యజమాని బ్యాంకు ఖాతా నంబరు మీ పాత జీతం ఎంట్రీల్లోనో, చెక్కు మీదో దొరుకుతుంది. షాపు ఎవరి పేరున ఉంది, జీఎస్టీ నంబరు ఏది, లారీలు జేసీబీలు ఉంటే వాటి రిజిస్ట్రేషన్ నంబర్లు ఏవి అన్నీ ఒక కాగితం మీద రాసి, ఆర్డరు కాపీతో కలిపి అక్కడ ఇవ్వండి. ఆ కాగితం మీదా ఇన్‌వార్డు స్టాంపు వేయించుకోండి.